నాయన ఎరుపు, అన్న స్పిరిట్

మొన్న ఆదివారం పొద్దున బాల్కనీలో కూర్చుని టీ తాగుతూ, కింద మా అల్లుడు కారు కడుగుతుంటే చూస్తున్నాను. కడగడమంటే మన కాలంలో లాగా ఒక బకెట్టూ, పాత పంచె ముక్కా కాదు లెండి. వరుసగా సీసాలు, ఒక్కో సీసాకు ఒక్కో గుడ్డ, పసిపిల్లకు కూడా అంత వైభవంగా ఎవరూ నలుగు పెట్టరు. చివరికి ఒక పిచికారీ సీసా తీసి బానెట్ మీద కొట్టగానే ఆ వాసన పై అంతస్తు దాకా వచ్చింది. ముక్కులోకి చల్లగా దూరి, కళ్ళ వెనకెక్కడో మండించే వాసన. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంటారు దాన్ని. మా ఇంట్లో మాత్రం ఉత్త స్పిరిట్. చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి వెళ్ళి, అతని చేతిలోని గుడ్డ ఏ రంగుదో చూశాను. తెల్లదే. అల్లుడు నన్ను వింతగా చూశాడు. ఏమీ లేదని చెప్పి పైకి వచ్చేశాను గానీ ఆ రోజంతా నా మనసు మనసులో లేదు.

షోలాపూర్‌లో కొంతం చౌక్‌కు దగ్గరి గల్లీలో మా ఇల్లు. ఒక పక్క మగ్గాల మోత, ఇంకో పక్క గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు. వాళ్ళలో మా అమ్మ ఒకతి. నాయన రంగుల కార్ఖానాలో నూలు ముంచేవాడు. చద్దర్లకు వేసే ఎరుపు ఆయన చేతి మీదుగా వస్తే ఎన్ని ఉతుకులకైనా చెక్కు చెదరదని పేరు. ఆయన చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, పెళ్ళి భోజనానికి కూర్చున్నా అంతే. నాయనలందరి చేతులూ అలాగే ఉంటాయని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

మా అన్న మగ్గం ముందు కూర్చోలేదు. అతని ప్రాణమంతా కార్ల మీద ఉండేది. అప్పట్లో మా వైపు కార్లున్నది ఎవరికి గనుక, కార్ఖానా మాలకులకూ, అంటే యజమానులకూ, ఇద్దరు ముగ్గురు డాక్టర్లకూ తప్ప. ఒక గ్యారేజీలో పనిచేస్తూ అన్న పాలిష్ పని నేర్చుకున్నాడు. పాలిష్ పెట్టేముందు స్పిరిట్‌లో సగం నీళ్ళు కలిపి కారు ఒంటి మీద తుడవాలనీ, పాత మైనం, నూనె మరకలు, వేలిముద్రలు, అంటించిన కాగితాల బంక అన్నీ దానితోనే పోతాయనీ, అప్పుడే కొత్త మెరుపు నిలుస్తుందనీ మాకు పాఠం చెప్పేవాడు. దాని అసలు పేరులో ఆల్కహాల్ ఉందని ఎవరో చెప్పిన రోజున అమ్మ అతని నోరు వాసన చూసి గాని అన్నం పెట్టలేదు. నాయనకు మాత్రం ఈ పనే గిట్టలేదు. మనం గుడ్డ నేసెటోళ్ళం గాని తుడిచెటోళ్ళం కాదురా అనేవాడు. తండ్రీ కొడుకుల మధ్య అంతకు మించి మాటలుండేవి కావు.

తుడవడానికి అన్న వాడేది మగ్గాల కింద పడే నూలు చిక్కు. మా ఇళ్ళలో దానికి కరువేముంది. మెత్తనిదీ, తెల్లనిదీ అమ్మ ఏరి సంచిలో వేసి పెట్టేది.

నాయన పనిచేసే కార్ఖానా మాలకు బిడ్డ పెళ్ళి కుదిరింది. ఊరేగింపు కోసమని తన పాత అంబాసిడర్‌కు కొత్తగా తెల్ల రంగు వేయించి, పాలిష్ పని మా అన్నకిచ్చాడు. పని నచ్చితే హోట్గి రోడ్డులో తనకున్న ఖాళీ జాగాలో ఒక మూల షెడ్డు వేసుకోనిస్తానని మాట కూడా ఇచ్చాడు. అన్న బతుకంతా ఆ మూల మీదే ఆధారపడి ఉంది. పాలిష్ పెట్టాల్సిన రోజు పొద్దున చూస్తే సంచిలో తెల్ల నూలు అయిపోయింది. అమ్మ ఎర్ర నూలు చిక్కు తీసి చేతిలో పెట్టింది.

“ఇది తీస్కపో. మీ నాయిన ముంచిన రంగు, పానం పోయినా పోదు.”

మన దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలవా అంటారు. అన్న దాన్ని సంచిలో కుక్కుకుని పోయాడు. మా ఇంట్లో ఆ ఎరుపును అనుమానించడమంటే నాయనను అనుమానించడమే.

మధ్యాహ్నం నేను నాయనకు అన్నం డబ్బా తీసుకుని కార్ఖానాకు వెళ్ళేసరికి వాకిట్లో జనం గుమిగూడి ఉన్నారు. తెల్ల బానెట్ నిండా కుంకుమ నీళ్ళు ఒలికినట్టు ఎర్రటి చారలు. తుడిచినకొద్దీ పాకాయట. కొత్త పెయింటు ఇంకా గట్టిపడలేదు, స్పిరిట్‌కు మెత్తబడి ఆ ఎరుపును మింగేసింది. అన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. మాలకు నాయనను రంగు తొట్టి దగ్గర నుంచి పిలిపించాడు.

“ఏంది ఇది? నీ పోరడు ఏమన్న పూసిండా, నీ రంగే కచ్చాదా?”

నాయన అన్న చేతిలోని నూలు తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్కసారి కొడుకు వైపు చూశాడు.

“రంగే కచ్చా ఉండె మాలక్. పోరని తప్పు లేదు. నాదే చూక్.”

చద్దర్లకు వేసే రంగు కచ్చా అని, నిలవదని, రంగు వేసినవాడే ఒప్పుకుంటే ఇక తొట్టి దగ్గర ఎవరు నిలవనిస్తారు? నాయనను అక్కడి నుంచి తీసేసి, ఆడవాళ్ళతో పాటు కండెలు చుట్టే పనిలో కూర్చోబెట్టారు. బానెట్‌కు మళ్ళీ పెయింటు వేయించారు. అన్న తప్పేమీ లేదని తేలింది కాబట్టి షెడ్డుకు జాగా మాత్రం దొరికింది.

గల్లీలో నాయనకు కచ్చా రంగు అని పేరు పడింది. అమ్మ ఆయన రంగు గురించి మళ్ళీ ఎవరి దగ్గరా గొప్పలు చెప్పలేదు. కొన్ని నెలల్లో నాయన చేతుల ఎరుపు గోళ్ళ సందుల్లోంచి కూడా పోయింది. ఆ చేతులు చూస్తే ఎవరివో అనిపించి నాకు ఏడుపొచ్చేది. అన్న అయితే చిన్న తగువు వచ్చినా, నీ కచ్చా రంగుతోని నా ఇజ్జత్ పోతుండె అని అనేసేవాడు. నాయన చేయి కడుక్కుని లేచిపోయేవాడు. నిజమేనని మేమంతా నమ్మాం. ఆయన పోయిన రోజున కూడా నమ్మాం.

నాయన పోయిన తర్వాతి వేసవిలో ఒక మధ్యాహ్నం అన్న బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లోని మా అత్తవారింటికి వచ్చాడు. అతని ఒళ్ళంతా స్పిరిట్ వాసన. షెడ్డులో పనివాడొకడు కొత్త నీలం తువాలుతో కారు తుడిస్తే రంగు దిగిందట. అది పెద్ద మిల్లు తువాలు, పేరున్న సరుకు. అన్న ఇంటికి పోయి బట్టలన్నీ ముందేసుకుని ఒక్కొక్కదాని మీదా స్పిరిట్ అద్ది చూశాడట. పెళ్ళినాడు నాయన నాకిచ్చిన ఎర్ర చద్దరు అడిగాడు. ఇన్నేళ్ళు ఉతికినా ఒక్క చుక్క రంగు నీళ్ళలోకి రాలేదన్నా అంటూ తెచ్చిచ్చాను. తెల్లగుడ్డను స్పిరిట్‌లో ముంచి దాని మూల మీద రుద్దాడు. గుడ్డకు ఎరుపు అంటింది.

“అన్నీ దిగుతయి చెల్లె. దీనికి ఏ రంగైనా దిగుతది. నాయినకు ఎర్కలేకుండెనా?”

చద్దరు ఒళ్ళో వేసుకుని, పెళ్ళాం పిల్లలున్న మనిషి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నాయన ఆ నూలును వాసన చూడడం. జీవితమంతా రంగులతో గడిపిన మనిషికి ఆ ఒక్క వాసనతో అంతా తెలిసిపోయి ఉంటుంది. తెలిసే ఆ మాట అన్నాడు.

రంగుల కార్ఖానాలు మా వైపు చాలావరకు మూతపడ్డాయి. ఎర్రచేతుల మనిషి మా గల్లీలో ఇప్పుడు ఒక్కడూ కనిపించడు. ఈమధ్య కొన్న చద్దరు మొదటి ఉతుకుకే రంగు వదిలి నా తెల్లచీరను పాడుచేస్తే, దుకాణానికి పట్టుకుపోయి అడిగాను. దుకాణదారు నా సబ్బును తప్పుపట్టాడు, పక్కనున్నతను మా కుళాయి నీళ్ళను తప్పుపట్టాడు. నాదే చూక్ అనే మాట ఆ గల్లాపెట్టె వెనక నుంచి వస్తుందేమోనని పిచ్చిదానిలా కాసేపు నిలబడ్డాను.

నాయన చద్దరునే ఇప్పటికీ కప్పుకుంటున్నాను. అన్న స్పిరిట్ రుద్దిన మూల మాత్రం కాస్త వెలిసింది. పడుకునేటప్పుడు ఆ మూల నా కాళ్ళ వైపు రాకుండా చూసుకుంటాను.