తెరవనన్న మేడం

మొన్న పొద్దున పాల నమూనాలు పరీక్షిస్తుండగా ఫోన్ మోగింది. చేసింది ఒకప్పుడు మాతో పనిచేసిన కట్టంగూర్ పాల రూటు సూపర్‌వైజర్. "మేడం పోయింది చెల్లె. తెల్లారంగ, నల్లగొండ దవాఖానల. గుండె ఆగిందంట. నేను హాలియా పోతున్న, నువ్వొస్తవా?" అన్నాడు. ఆ కబురు వేరే ఎవరు చెప్పినా ఏడ్చేదాన్నేమో. ఆయన నోట వినేసరికి ఏడుపు కూడా రాలేదు.

మేడం నకిరేకల్‌లో మా పాల కేంద్రానికి ఇన్‌ఛార్జి. పాలలో వెన్న శాతం చూసే పనిలో నేను చేరినప్పుడు మిషన్ ఎట్లా పట్టుకోవాలో కూడా నాకు తెలియదు. విసుక్కోకుండా నేర్పారు. తలుపు బార్లా తెరిచి ఉన్నా వేలితో కొట్టిగానీ లోపలికి వచ్చేవారు కాదు. ఒకసారి మా చెల్లె పెళ్లి ఫోటో చూపిద్దామని ఫోన్ చేతికిస్తే, ఆ ఒక్కటీ చూసి తిరిగిచ్చేశారు. "ఇంకా ఉన్నయి మేడం, జరపండ్రి" అన్నాను. "నువ్వే జరుపు బిడ్డా. నీ ఫోన్ గదా" అన్నారు.

కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లోని కంపెనీ ఆఫీసు అన్ని కేంద్రాలకూ ఒక సాఫ్ట్‌వేర్ పెట్టింది. రోజువారీ వివరాలు, సెలవులు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అన్నీ అందులోనే. మాకు అడ్మిన్ మేడమే. ట్రైనింగుకు పోయివచ్చిన రోజు అందరినీ కూర్చోబెట్టారు.

"మీరు ఇద్దరిద్దరు రాసుకునేది గూడ అడ్మిన్ తెరిచి సూడొచ్చంట. నేను సూడ. గని సూడొచ్చన్న సంగతి మీకు తెల్వాలె."

ఆ మాట మీద మాకు ఎంత నమ్మకమంటే, ఆ తర్వాత కూడా మనసులో ఉన్నదంతా అందులోనే రాసుకున్నాం.

ఓ ఎండాకాలం మా మిషన్ వెన్న తక్కువ చూపించడం మొదలుపెట్టింది. మేడం ఎన్నిసార్లు పైకి చెప్పినా బాగుచేసేవాళ్లు రాలేదు. బర్రెలను నమ్ముకున్న రైతులకు రేటు పడిపోయింది. మిషన్ సంగతి వాళ్లకు తెలిసిపోయింది. మర్నాడు గేటుకు క్యాన్లు అడ్డంపెట్టి కూర్చున్నారు. హైదరాబాద్ నుంచి మేనేజర్ ఫోన్ చేశాడు. మేడం స్పీకర్ పెట్టారు, నేను పక్కనే ఉన్నాను.

"అందరి చాట్లు తెరవండి. బయట చెప్పిందెవరో సాయంత్రానికి నాకు తెలియాలి."

"మిషన్ ఖరాబైంది నిజమే గదా సార్. చెప్పినోళ్లను వెతుకుడెందుకు?"

"మీకు ఆ యాక్సెస్ ఇచ్చిందే ఇందుకు."

"అయితే వాపస్ తీస్కోండ్రి సార్. నాకొద్దు."

తీసుకున్నారు. వారం తిరగకముందే ఆమెను హాలియాకు బదిలీ చేశారు. ఆమె స్థానంలో వచ్చినాయన మొదటిరోజే అన్నీ తెరిచాడు. సూపర్‌వైజర్ నాకు రాసిన పాత మాటలు దొరికాయి. "రైతులకు చెప్పకుంటే అన్నం దిగుతలేదు చెల్లె, ఇయ్యాల చెప్తున్న" అని. ఆయన ఉద్యోగం పోయింది. మిషన్ మాత్రం ఆ తర్వాత బాగుచేశారు.

సంగతి తెలిసి మేడం కట్టంగూర్‌లో ఆయన ఇంటికి వచ్చారు. నేనూ వెళ్లాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నా మాట నమ్మి రాసిండ్రు మీరు. నేను సూడకుంటె సాలనుకున్న. మిమ్ముల తీస్కపోయి ఇంకొకని చేతుల వెట్టిన."

"మీరియ్యకుంటె మాత్రం ఆళ్లు గుంజుకోకపోదురా మేడం? ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు ఆయన.

"గుంజుకుంటె వేరే ముచ్చట. నేనే ఇచ్చిన" అన్నారు మేడం.

ఆయన ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు. మేడం ఎప్పుడు ఫోన్ చేసినా ముందు ఆయన పిల్లల చదువు గురించే అడిగేవారు. ఆమె చేసింది తప్పని నేను అనలేను. కానీ తప్పు కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు.

పోయిన నెల మా కేంద్రం అడ్మిన్‌గా నన్ను పెట్టారు. భయపడుతూనే ఆమెకు చెప్పాను. "ఉంచుకో బిడ్డా. అడిగిన యెంటనే ఇయ్యకు" అన్నారు. ఆమెతో నేను మాట్లాడింది అదే ఆఖరు. అలాంటి ఫోన్ నాకూ వస్తే అడ్డం నిలబడగలనో లేదో, నిజంగా తెలియదు.

దహనం అయ్యాక సూపర్‌వైజర్, నేను హాలియా కేంద్రానికి నడిచాం. పాలు ఆగవు కాబట్టి తెరిచే ఉంది. మిషన్ అంకెలు బయటివాళ్లకు కనిపించేలా కిటికీ వైపు తిప్పి ఉన్నాయి. మేడం వచ్చాకే అలా తిప్పించారట. రైతులు క్యాన్లతో వరుసలో ఉన్నారు. ఆఖరున ఒక ముసలమ్మ క్యానుతో వచ్చింది, దూరపు ఊరు కాబోలు.

"మేడం రాలేదా బిడ్డా ఇయ్యాల?" అని నన్ను అడిగింది.

సూపర్‌వైజర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె క్యాను అందుకుని లోపలికి ఇచ్చాను. తన పాల అంకె పడిందో లేదో కూడా చూసుకోకుండా, ముసలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని మేడం కోసం లోపలికి తొంగి చూస్తూ నిలబడింది.