మెట్ల మలుపులో రౌటరు

ఆయన ఒకప్పుడు అచ్చాఫీసులో కాగితాలు కోసే మెషిన్ నడిపేవాడు. రిటైరయ్యాక ఇంట్లో ఏది పాడైనా స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చునేవాడు. ఆయన చెయ్యి పడ్డవాటిలో సగం నిజంగానే బాగుపడేవి కాబట్టి చుట్టాలంతా 'ఇంజనీరు' అనేవారు. ఆ పిలుపు వింటే చాలు, ఆయన పొంగిపోయేవాడు.

కోడలు ఒక బీమా కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేది. ఫోన్లో ఖాతాదారుల ఫిర్యాదులు విని కంప్యూటర్లో ఎక్కించడం ఆమె పని. పై గదికి నెట్ సరిగా అందడం లేదని కొడుకు ఓసారి అంటే, "దానికి మనిషిని పిలవడమెందుకురా, నేను లేనూ?" అన్నాడాయన. కింద హాల్లో కొత్త రౌటరుంది. అటక మీద పాతదొకటి పడి ఉంది. గోడకు కన్నం పెట్టి, మెట్ల వెంట తీగ లాగి, పాతదాన్ని మెట్ల మలుపులో బిగించాడు. అప్పుడే వచ్చిన బావమరిది, "అబ్బో, బావగారు కంపెనీవాళ్ళని మించిపోయారే!" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆయన అతనికి తన పనితనమంతా వర్ణిస్తూ కూర్చున్నాడు. చివర్లో చెయ్యాల్సిన పని ఒకటి మిగిలిపోయింది.

మర్నాటి నుంచే తంటా మొదలైంది. భార్య వీడియోలో తన అక్కతో మాట్లాడుతుంటే ఆవిడ మొహం మధ్యలో బిగుసుకుపోయేది. కోడలి కాల్స్ తెగిపోయేవి. ఆయన రౌటర్లు ఆపి మళ్ళీ వేశాడు, తీగలు పీకి మళ్ళీ పెట్టాడు, కంపెనీకి ఫోన్ చేసి కేకలేశాడు. ఇంటిదాకా లైను బాగానే ఉందన్నారు వాళ్ళు. అయితే తప్పు ఇంట్లోనే ఉండాలి. తను బిగించినదాంట్లోనా? ఆ ఆలోచనని ఆయన దగ్గరికి రానివ్వలేదు.

ఆదివారం అందరూ భోజనాల దగ్గరుండగా తేల్చేశాడు. "నీ ఆఫీసు కంప్యూటర్లో ఏదో వైరస్ ఉందమ్మా. నెట్టంతా అదే మింగేస్తోంది."

"మా వాళ్ళు చూశారు మావయ్యగారూ. ఏమీ లేదన్నారు."

"వాళ్ళకి తెలుసా, నాకు తెలుసా?"

బావమరిది తలూపాడు. కొడుకు కంచంలోంచి తలెత్తలేదు. మర్నాటి నుంచి కోడలు కంప్యూటర్ని సంచిలో పెట్టుకుని, రెండు బస్సులు మారి స్నేహితురాలి ఇంటికెళ్ళి పనిచేసుకుని రావడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకి ఓ మధ్యాహ్నం ఆయన ఒంటరిగా వార్తలు చూస్తుంటే నెట్ పోయింది. "మళ్ళీ ఈ పిల్ల..." అనబోయి ఆగిపోయాడు. పిల్ల ఇంట్లో లేదు. ఆమె కంప్యూటరూ లేదు.

ఫోన్లో సెట్టింగులు తీసి చూస్తే విషయం బయటపడింది. ఇంట్లోని యంత్రాలకి తలో నంబరు ఇచ్చి బయటికి దారి చూపే పని ఒక్క రౌటరే చెయ్యాలి. ఇక్కడ రెండూ నంబర్లు పంచుతున్నాయి. పాతదాని నుంచి నంబరు తీసుకున్న యంత్రానికి బయటికి దారే లేదు. పాతదాంట్లో ఆ పంపకం ఆపేయాలని ఆయనకి తెలుసు. ఆ రోజు గొప్పలు చెప్పుకుంటూ మరిచిపోయాడు. ఇప్పుడు ఆపేశాడు. అంతే, అన్నీ పనిచేశాయి.

నెట్ బాగైందని తప్ప ఇంట్లో ఇంకేమీ చెప్పలేదు. సాయంత్రం ఇల్లంతా సంబరం. "మొత్తానికి సాధించారు నాన్నా!" అన్నాడు కొడుకు. కోడలు సంచి కింద పెట్టి, "నా మూలంగా మీకు ఎంత శ్రమ! క్షమించండి మావయ్యగారూ" అంది.

"పర్లేదమ్మా" అన్నాడాయన.

ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు. తన తప్పుకి ఆమెను క్షమించేశాడు.

పొద్దున్నే పైకెళ్ళి గుమ్మం బయటే నిలబడ్డాడు. "నీ కంప్యూటర్లో ఏమీ లేదమ్మా. తప్పు నాదే. నిన్న చెప్పడానికి నోరు రాలేదు."

కోడలు కుర్చీ ఇటు తిప్పింది. "నన్ను టీమ్ లీడర్ని చేద్దామనుకున్నారు. కాల్స్ తెగుతున్నాయని ఇంకొకళ్ళని చేశారు" అంది. తర్వాత మెల్లగా, "నన్నన్నది అందరి ముందు కదా మావయ్యగారూ. ఇది నాకొక్కదానికే చెప్తే ఎలా?" అంది.

ఆయన బావమరిదికి తనే ఫోన్ చేసి భోజనానికి రమ్మన్నాడు. అందరూ కూర్చున్నాక ఏం జరిగిందో, నిన్న ఎందుకు దాచాడో చెప్పాడు. భార్య, "పోనిద్దురూ, ఇంట్లో మాటే కదా" అని సర్దబోయింది. బావమరిది నవ్వేశాడు. "నవ్వకు. ఈ పిల్లకి రావాల్సిన పదవి పోయింది" అన్నాడాయన. తలెత్తి చూసే ధైర్యం లేక మంచినీళ్ళ గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు.

కోడలు మళ్ళీ పై గదిలోనే పనిచేసుకుంటోంది. ఆ పదవి మాత్రం దక్కలేదు. ఈమధ్య తన బల్ల కిటికీ దగ్గరికి జరిపినప్పుడు తీగ ఎటు తిప్పాలో తనే చూసుకుని, "ఈ కొస కాస్త పట్టుకోండి మావయ్యగారూ" అంది. ఆయన పట్టుకున్నాడు. ఎటు తిప్పితే బాగుంటుందో నోటిదాకా వచ్చినా, అడగనిదే చెప్పలేదు.