నేను పోగొట్టిన చెరువు పేరు

ఏళ్ల తరబడి ఈ భయాన్ని మోస్తున్నాను. ఫోను మోగితే చాలు, ఎవరిదో చూసుకున్నాకే ఎత్తుతాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ఏలూరులో నాకో చిన్న కంప్యూటర్ సెంటర్ ఉంది. కొల్లేటికోట వైపు మా బంధువుల చేపల చెరువులకు పట్టాలుండవు, నోటిమాటే పట్టా. ఒకే చెరువును ఇద్దరికి అమ్మి తలలు పగలగొట్టుకున్నవాళ్లున్నారు. అప్పుడు పెద్ద తెలివైనవాడిలా నేనే సలహా ఇచ్చాను. ఇంటర్నెట్‌లో ఒక డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ అడ్రసు, ఒక్కరి చేతిలోనే ఉంటుంది, చెరువుకొక పేరు కొందాం, ఆ పేరు ఎవరిదైతే చెరువు వాళ్లది అన్నాను. చర్చి ఆవరణలో పెద్దలు కూర్చుని సరేనన్నారు. ప్రార్థన కూడా చేశారు. అప్పట్నుంచి చెరువు అమ్మినా, లీజుకిచ్చినా ముందు ఆ పేరు ఎవరిదో చూడాల్సిందే. పేర్లన్నీ ఏటేటా డబ్బు కట్టి రెన్యువల్ చేయించే పని నాది. గడువు దాటితే ఆ పేరు ఎవరైనా కొనేసుకోవచ్చు.

ఒక ఏడు మా బంధువుల్లో పెద్దావిడ మరియమ్మగారి చెరువు పేరు రెన్యువల్ చేయకుండా వదిలేశాను. దురుద్దేశమేం లేదు, ఉత్త బద్ధకం. రేపు చేద్దాంలే అనుకుంటూ ఉండగానే ఎవరో కొనేశారు. ఎవరో కనపడదు, మెయిల్ పెడితే జవాబు రాదు. ఊరికే పేర్లతో వ్యాపారం చేసేవాడా? లేక మా కట్టుబాటు తెలిసి, సమయం కోసం కాచుకున్న, ఆ పక్కనే ఉన్న కైకలూరు మనిషెవరైనానా?

ఆ రోజే చెప్పేసి ఉంటే ఏమయ్యేది? నాలుగు చీవాట్లు పెట్టి, పెద్దలు కూర్చుని ఇంకో పేరు ఖాయం చేసేవారు. అంతే కదా! నోరు రాలేదు. అందరూ నన్ను తెలివైనవాడంటారే, ఆ గొప్ప నాకు ఆవిడ చెరువు కంటే ముద్దయింది.

తర్వాత ఆవిడ మంచం పట్టి నన్ను పిలిపించారు. పక్కన కూతురు నిలబడి ఉంది. ఆ అమ్మాయి భర్త పోయిన మనిషి, ఆ చెరువు తప్ప వేరే బతుకుతెరువు లేదు.

"బాబూ, చెరువు మా అమ్మాయి పేర పెట్టేయండి. నేను పోయాక దాని జోలికి ఎవరూ రాకూడదండీ," అన్నారు మరియమ్మగారు.

"అలాగేనండి. ఇదిగోనండి, చెరువు పేరు తాలూకు పాస్‌వర్డ్. ఇక చెరువు మీ అమ్మాయిదే," అన్నాను.

చేతికొచ్చిన అక్షరాలేవో కూతురి ఫోనులో కొట్టి ఇచ్చాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నారు. ఆ వారమే పోయారు. బద్ధకంతో చేసింది తప్పు, ఒప్పుకుంటాను. చావబోయే మనిషి కళ్లలోకి చూసి ఆడిన ఈ అబద్ధాన్ని ఏమనాలి?

ఇప్పుడు కూతురు చెరువును తాడేపల్లిగూడెం ఆయనకి లీజుకిస్తోంది. పేరు చూశాకే మాట్లాడతానన్నాడట ఆయన. ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను రమ్మంది. నేనుంటే తనకు ధైర్యమట. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ వస్తానన్నాను. వెళ్తానా? వెళ్లి నిజం చెప్తానా?

మా పెద్దల కట్టుబాటు ప్రకారం ఆ చెరువు ఆవిడ కూతురిది కాదు, మొహం తెలియని ఎవరిదో. అలా చేసింది నేను. ఈ మాట నాలో నేను కూడా ఇంతవరకూ అనుకోలేదు. ఇప్పుడు అనేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.