పెద్దమ్మ బొగ్గు గుర్తు

మొన్న మా ఆఫీసుకి ఉద్యోగం కోసం ఒక అమ్మాయి వచ్చింది. తను తెచ్చిన బొమ్మలన్నీ బల్ల మీద పరిచింది. వాటిలో గోడ మీద సున్నంతో వేసిన నెమలి ఫొటో ఒకటి నన్ను పట్టి ఆపింది. ఇది నువ్వే వేశావా అని అడిగాను. ఆ పిల్ల రెప్పయినా వాల్చకుండా, "కాదు మేడం, మా నాయనమ్మ వేసింది" అంది. అంతే, నేను కళ్లజోడు తీసి తుడుచుకునే వంకతో తల దించేసుకున్నాను. అదే ప్రశ్న ఒకప్పుడు నన్నూ అడిగారు మరి. ఆనాటి నుంచి నా జుట్టు నెరిసింది గానీ, నేను చెప్పిన జవాబు తాలూకు సిగ్గు మాత్రం ఇప్పటికీ నిగనిగలాడుతూనే ఉంది.

మాది చింతపల్లి పైన కొండల్లో చిన్న ఊరు. అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మ. నేను ఏ పనీ శుభ్రంగా చెయ్యనని ఆవిడకి నా మీద నిత్యం ఫిర్యాదు. కాఫీ గింజలు ఎండాక ఊరందరి బస్తాలూ ఒకే జీపులో సంతకి దిగేవి. చదువు రాని ఆడవాళ్లు తమ బస్తాల మీద బొగ్గుతో ఇంటికో గుర్తు గీసుకునేవారు. పెద్దమ్మ గుర్తు, చెట్టునెక్కే మిరియాల తీగ: ఒక నిలువు గీత, దాని చుట్టూ ఒక మెలిక. బొగ్గు ఎత్తకుండా ఒక్క ఊపులో గీసేసి, కింద మూడు చుక్కలు పెట్టేది.

ఇంటర్ అయిన ఏడాది నాకు అక్షరాల పిచ్చి పట్టింది. పెళ్లి శుభలేఖలు, సబ్బు కవర్లు చూసి నేర్చిన విద్యంతా ఊరి మీద ప్రయోగించాను. బస్తాలన్నీ తిరగేయించి, గుర్తులు లోపలికి పోయేలా చేసి, పైన నల్లరంగుతో ఇంటివాళ్ల పేర్లు రాశాను. అక్షరాలకి నీడలు కూడా పెట్టాను, అక్కడికి అవేవో ఎండలో నిలబడ్డట్టు! ఊళ్లో ఎవరి పెళ్లికో వచ్చిన ఫొటోగ్రాఫర్ని బతిమాలి ఫొటో తీయించుకున్నాను.

మర్నాడు సంతలో, చదివి చెప్పడానికి నేను చేరేలోపు, ఎవరి బస్తా ఏదో ఎవరికీ తెలియలేదు. పెద్దమ్మ ఒక్కో మూతి విప్పి, గింజలు వాసన చూసి, తనవి పోల్చుకుంది. చివరికి నడుం నిమురుకుంటూ, "ఓలె గుంటా, నీ రాత బాగుంది గానీ, నా బస్తా నాతో మాటాడ్డం మానేసిందే" అంది. సంతంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏడవలేక.

ఆ ఫొటోతోనే విశాఖపట్నంలో డిజైన్ కాలేజీ ఇంటర్వ్యూకి వెళ్లాను. సీటు రాకపోతే చదువు అక్కడితో సరి, మళ్లీ కొండెక్కాల్సిందే. పెద్ద మాస్టారు నా నీడల అక్షరాలని దాటేసి, ఫొటో మూలన మిగిలిపోయిన చోళ్ల బస్తా మీద వేలు పెట్టారు. ఇంట్లో తిండికి ఉంచుకున్న ఆ రాగుల బస్తాని తిరగేయడం మరిచిపోయాను; పెద్దమ్మ గుర్తు పైకే ఉండిపోయింది. "ఇది ఎవరు గీశారమ్మా?"

"నేనే సార్."

ఆయన దాన్ని పక్కవాళ్లకి చూపించి, ఇంత తక్కువ గీతల్లో ఇంత చెప్పడం అందరికీ రాదన్నారు. సీటు వచ్చింది.

ఇంటికొచ్చాక పెద్దమ్మ ఏటడిగారే అంటే, ఏవో అడిగారులే అన్నాను. బయల్దేరే రోజు ఆవిడ పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి నా రేకు పెట్టె మీద తన గుర్తు గీసింది. "ఆస్టల్లో అందరి పెట్టెలూ ఒక్కలాగే ఉంటాయి గదే. ఇదుంటే నీది ఎక్కడికీ పోదు." జీపు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూసింది. ఘాట్ దిగుతుండగా నేను రుమాలు తడిపి ఆ గుర్తు తుడిచేశాను. ఎవరైనా చూసి ఇదెవరిదని అడిగితే మళ్లీ అబద్ధమాడాలి కదా అని.

ఇప్పుడు మా ఊళ్లో పిల్లలందరికీ చదువొచ్చింది. బస్తాలకి ఫోను చదివే స్టిక్కర్లు అంటిస్తున్నారు. పెద్దమ్మ లేదు. ఆవిడకి నిజం చెప్పకుండానే ఏళ్లు గడిపేశాను. ఊరందరి కంపెనీలకీ గుర్తులు గీసి బతికిన నేను ఆవిడ గుర్తు గీయబోతే, ఇప్పటికీ మెలిక దగ్గర చెయ్యి ఆగుతుంది.

ఆ అమ్మాయి చేత నెమలి కింద నాయనమ్మ పేరు రాయించి, ఉద్యోగం ఇచ్చాను. ఇంటికొచ్చి అటక మీంచి రేకు పెట్టె దింపి, దీపం దగ్గరగా పెట్టి, వేలితో తడిమి తడిమి వెతికాను. మసి మరకైనా మిగల్లేదు. ఏ పనీ శుభ్రంగా చెయ్యనని పెద్దమ్మ ఊరికే అనేది. ఆ ఒక్క పని మాత్రం ఎంత శుభ్రంగా చేశానో!