పసుపు పిట్టకి పెట్టని నారింజ

నా చిన్నప్పుడు, మినెసోటాలో మేముండే అపార్ట్‌మెంట్ బాల్కనీ మీద, జనవరి మంచులో ఒక పసుపు పిట్ట వచ్చి వాలింది. ఫోన్ కార్డులు గీకి ఇండియాకి మాట్లాడే రోజులవి. నాకు తొమ్మిదేళ్ళు. దాన్ని ఓరియోల్ అంటారనీ, ఆ పాటికి వెచ్చని దేశాలకి వెళ్ళిపోయి ఉండాల్సిందనీ పక్కింటి అక్క చెప్పింది. ఆవిడ యూనివర్సిటీలో పక్షుల మీదే ఎమ్మెస్ చేసేది.

ఆర్నెల్లుండి పోదామని వచ్చిన మా అమ్మమ్మ రోజూ పొద్దున్నే దానికో నారింజ చెక్క రెయిలింగ్ మీద పెట్టేది. ఒకసారి మంచు మీద కాలు జారాక ఆ పని నాకు అప్పజెప్పింది. నాకేమో తెలివి కాస్త ఎక్కువ. తిండి దొరుకుతోంది కాబట్టే ఇది కదలడం లేదు, మానేస్తే దక్షిణానికి ఎగిరిపోయి బతుకుతుంది అనుకున్నాను. మూడు రోజులు ఆ నారింజ చెక్కని స్కూల్ బ్యాగ్‌లో దాచి, బస్‌స్టాప్ దగ్గర చెత్తబుట్టలో పడేశాను. "పెట్టావా తల్లీ?" అని అమ్మమ్మ అడిగితే పెట్టానన్నాను. ఖాళీ రెయిలింగ్ చూసి, ఉడతలు ఎత్తుకుపోతున్నాయని ఆవిడ అనుకునేది.

శనివారం పొద్దున పిట్ట బాల్కనీ మూల బిగుసుకుపోయి పడి ఉంది. అక్క వచ్చి, రెక్క విప్పి చూసింది. "ఈ రెక్క ఎప్పుడో విరిగి సరిగ్గా అతకలేదు. అంత దూరం ఫ్లై చేయలేదురా ఇది. మీ ఆరెంజ్ వల్లే ఇన్నాళ్ళు సర్వైవ్ అయింది," అంది.

నేను బాత్రూంలోకి పోయి తలుపేసుకున్నాను. అమ్మమ్మ వెతుక్కుంటూ వచ్చాక అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆవిడ టబ్ అంచున కూర్చుంది. తర్వాత నా జుట్టు సర్దుతూ, ఇండియన్ స్టోర్‌లో కనిపించిన మనవాళ్ళంతా నమస్కారం పెట్టిన మరుక్షణమే తనని ఎప్పుడెళ్తున్నారండీ అని అడుగుతారని చెప్పింది.

"మర్యాదకే అడుగుతారు. అయినా ఆ మాటకి నా మనసు చివుక్కుమంటుందే. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని తిన్నావా అని అడగాలి. ఎందుకు ఉండిపోయారో మనకేం తెలుసు?"

బయట నేల గడ్డకట్టి పార దిగలేదు. అమ్మమ్మ వంటింటి కిటికీలో కొత్తిమీర పెంచుకునే కుండీ ఖాళీ చేసి, పిట్టని అందులో కప్పెట్టింది. పీకిన కొత్తిమీర ఆ రోజు పప్పులో వేసింది.

నేను పెద్దయ్యాక, ఉద్యోగం పోయి మా సోఫా మీద వారాల తరబడి ఉండిపోయిన స్నేహితులున్నారు. ఊరికే కూర్చోబెట్టి పెడితే వాళ్ళే పాడైపోతారని చాలామంది నాకు చెప్పారు. నిజమే కావచ్చు. నేను మాత్రం కంచం పెట్టి పిలుస్తాను. ఎవరికైనా వాళ్ళ మంచికే ఏదైనా ఆపేద్దామనిపించినప్పుడల్లా నా మీద నాకే భయమేస్తుంది. ఆ పిట్టకి తిండి ఆపింది కూడా నేను ప్రేమతోనే.