చిక్కిపోయిన బొద్దు పిల్లలు

ఇప్పుడంటే పిల్లవాణ్ణి నిలబెట్టగానే అంకెలు మెరిసే యంత్రాలు వచ్చాయి గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పసిపిల్లల బరువు చూడటమంటే ఎవరింటి అరుగు మీదో దూలానికి కొక్కెం త్రాసు కట్టి, గుడ్డ లాగులో పిల్లవాణ్ణి వేలాడదీయడమే. పిల్లల ఎదుగుదల మీద పరిశోధన చేసే ఒక డాక్టరమ్మ దగ్గర నేను తూకాలు చూసేవాణ్ణి. (కాగితం మీద నా హోదా 'క్షేత్ర పరిశోధకుడు'. ఆ మాట మా అమ్మ తప్ప ఎవరూ వాడలేదు.) శృంగవరపుకోట దగ్గర ఒక ఊళ్లో తూకాలు సక్రమంగా పూర్తిచేస్తేనే నా ఉద్యోగం ఖాయమని ఆవిడ ముందే చెప్పారు.

మొదటి పిల్లవాడు ముద్దబంతిలా ఉన్నాడు. నేను పద్ధతి ప్రకారం బరువు గట్టిగా చదివాను. వాడి నాయనమ్మ చటుక్కున వాణ్ణి లాగుతో సహా కొక్కెం నుంచి ఊడదీసేసింది.

"ఊరంతా ఇనీలాగ మా గుంటడి తూకం అరుస్తావేటి? దిష్టి తగిల్తే నువ్వొచ్చి తీస్తావేటి?"

ఆవిడ వెనకే తల్లులందరూ లేచారు. వాళ్లతోపాటు నా ఉద్యోగమూ లేచిపోతున్నట్టనిపించి కాళ్లావేళ్లా పడ్డాను. చివరికి ఆవిడే దారి చూపింది.

"రాసుకున్నది రాసుకో బావూ. పైకి మాత్రం సిక్కిపోనాడని సెప్పు."

ఇక పని జోరందుకుంది. బుగ్గలు జారుతున్న పిల్లల్ని చూసి "చిక్కిపోయాడు", "చిక్కిపోయింది" అని కేకవేయడం, కాగితంలో అసలు అంకె వేయడం. తల్లులు తృప్తిగా తలలూపుతుంటే నాకూ హుషారు పుట్టి, లాగులో ఇరుక్కుపోయిన ఒక బొద్దబ్బాయిని చూపించి "పాపం, ఎముకలు తేలిపోయాయి" అని సొంత కవిత్వం కూడా చేర్చాను. జీపు దిగిన డాక్టరమ్మ నా వెనకే నిలబడి ఉన్నారని అప్పటికి నాకు తెలియదు.

త్రాసుతో తూస్తున్నానా, తోచినట్టు తూస్తున్నానా అని అడిగి, రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. నేను సంజాయిషీకి నోరు తెరిచేలోగా లాగులోని పిల్లవాడు ఆవిడను చూసి నవ్వాడు. ఆవిడ కరిగిపోయి, వాడి బుగ్గ పుణికి, "ఎంత బొద్దుగా ఉన్నాడో" అనేశారు.

నాయనమ్మ కొంగు బిగించి లేచింది. తల్లులు పిల్లల్ని చంకనెత్తుకున్నారు. ఇంక లాభం లేదని నేను డాక్టరమ్మ చెవిలో సంగతి ఊదాను. పేరు వెనక అన్ని పట్టాలున్న మనిషి గొంతు సవరించుకుని, "అబ్బే, బాగా చిక్కిపోయాడమ్మా" అన్నారు.

"ఈయమ్మకి సదువున్నాది" అంటూ నాయనమ్మ కూర్చుంది. ఊరూ కూర్చుంది. నా ఉద్యోగం నిలబడింది.

మొన్న మనవణ్ణి విజయనగరంలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆ డాక్టరమ్మాయిదీ శృంగవరపుకోట వైపే. వీడు వయసుకు మించి బరువున్నాడని, చిప్సు మానకపోతే ముందు ముందు షుగరు భయం ఉందని చెబుతుంటే, నా నోరు దానంతటదే "చిక్కిపోయాడమ్మా" అంది. ఆమె నన్ను ఎగాదిగా చూసి, నన్నూ యంత్రం ఎక్కమంది. ఎక్కాను. అంకెలు మెరిశాయి. నేను చూడగానే ఆమె వాటిని చేత్తో కప్పేసి నవ్వింది.

"మీరూ సిక్కిపోనారు తాతగారూ."

ఇంటికొచ్చి ఆనాటిలాగే డైరీలో అసలు అంకె రాసుకున్నాను. పైకి మాత్రం చదవలేదు.