రెండుసార్లు పీకిన పన్ను

లవంగనూనె వాసన తగిలిందంటే నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. మొన్న బ్రాడీపేటలో మా మనవరాలి పుప్పిపన్ను చూపించడానికి వెళ్ళినప్పుడు, లోపలి గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆ వాసన గుప్పున కొడుతుంటే కుర్చీలోంచి లేవడం, కిటికీ దాకా వెళ్ళడం, మళ్ళీ వచ్చి కూలబడటం, ఇదే పనైపోయింది నాకు. "నొప్పి మీకా దానికా అత్తయ్యా?" అని నవ్వుతూ మా కోడలు పిల్లను లోపలికి తీసుకెళ్ళింది. నవ్వితే నవ్విందిలే, తనకేం తెలుసు.

మాది దూదేకుల ఇల్లు. మా తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకేవాడట. అరవైల మొదట్లో, నాకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి, మా నాయన ఆ విల్లును అటకెక్కించి గుంటూరు పక్కన నూలు మిల్లులో పనికి కుదిరాడు. మిల్లు వెనక పేటలో మాదొక ఇల్లు, మధ్యలో మట్టి గోడ, ఆ పక్క నా ఈడు పిల్ల కోటేశ్వరి వాళ్ళిల్లు. వాళ్ళమ్మ అంకమ్మత్త చలికాలమంతా పత్తి తీతకు, ఎండలు మొదలయ్యాక మిరప కల్లాలకు పోయేది. మధ్యాహ్నం గాలి తిరిగితే చాలు, కల్లాల ఘాటుకు పేట పేటంతా తుమ్మేది. తుమ్ముతూనే తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం, తుమ్ముతూనే పీర్ల పండగ మలీదా తినేవాళ్ళం, కొండ తిరునాళ్ళ నుంచి ఎవరు జీళ్ళు తెచ్చినా పళ్ళకు అంటుకుపోయి నోరు తెరుచుకోనంతగా నమిలేవాళ్ళం. పొద్దున్నే కచ్చికబూడిదతో రెండు రుద్దులు రుద్ది పుక్కిలిస్తే పళ్ళకు అంతకుమించి చాకిరీ అక్కర్లేదనుకునేవాళ్ళు మా పెద్దవాళ్ళు.

ఆ ఏడు తిరునాళ్ళు వెళ్ళిన వారానికి కోటి కుడి దవడ వాచింది. లవంగం పెట్టారు, ఉప్పు కాపడం పెట్టారు, వాకుడు గింజలు నిప్పుల మీద వేసి పురుగు రాలుతుందని నోటికి పొగ పట్టించారు. రాలిందేమీ లేదు, పిల్లకు జ్వరం మాత్రం వచ్చింది, కన్ను కూడా మూసుకుపోయింది.

మాకు బీమా కార్డు ఉంది. ఏడాది పొడవునా నడిచే మిల్లు కాబట్టి నాయనకు ఇచ్చారు. మొదట పనివాడికే వైద్యమన్నారు, తర్వాత పెళ్ళాం పిల్లలకు కూడా అన్నారు. అందులో మా పేర్లూ వయసులే తప్ప ఫొటోలు లేవు. బీమా ఆసుపత్రికి ప్రతి బుధవారం పళ్ళ డాక్టరు వచ్చేవాడు. కల్లాల్లో కూలికి పోయేవాళ్ళకు ఏ కార్డూ లేదు.

"పేరొకటి మార్చి చెబితే పిల్ల దక్కుద్ది" అంది మా అమ్మ.

"తెలిసిందంటే కార్డే కాదు, నా పని కూడా పోద్దే" అన్నాడు నాయన.

"రేపు దానికేమన్నా అయితే అంకమ్మ మొహం నువ్వు చూస్తావా?"

నాయన కార్డు తీసి అమ్మ చేతిలో పెట్టాడు. బుధవారం పొద్దున అంకమ్మత్త తన కొంగుతో కోటి బొట్టు తుడిచింది. కోటి నా గళ్ళ పరికిణీ కట్టుకుని సైదాబీ అయింది. నేను ఆ పూటకి పేరు లేకుండా వాళ్ళ వెంట నడిచాను. నర్సు "సైదాబీ" అని పిలవగానే అలవాటుకొద్దీ నేను లేచాను, అమ్మ నా భుజం అదిమి కూలేసి కోటిని ముందుకు తోసింది. కింది దవడ, కుడివైపు, లోపలి పన్ను తీసేశానని డాక్టరు చెబుతుంటే నర్సు పుస్తకంలో నా పేరు కింద రాసుకుంది. పాలపన్నేలే, మళ్ళీ వస్తుందని మా నాయనమ్మ దాన్ని పేడముద్దలో పెట్టి ఇంటి మీదికి విసిరించింది. ఏడాదంతా కోటి ఆ సందులో నాలుక పెట్టి చూసుకుంటూనే ఉంది.

మరుసటి ఏడు నాకు పన్నునొప్పి పట్టుకుంది. ఆశ్చర్యమేముంది, తిన్నవి అవే జీళ్ళు, రుద్దింది అదే బూడిద, పుచ్చింది కూడా అదే పన్ను.

"పుస్తకంలో నీకా పన్ను లేదే తల్లీ" అన్నాడు నాయన, తల వంచుకుని.

రెండు నెలలు. కూర్చోలేను, నిలబడలేను, వాకిలంతా తిరుగుతూనే ఉండేదాన్ని. దండెం దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. వాకుడు పొగకు కళ్ళు మండేవి, మిరప ఘాటుకు తుమ్మితే పన్ను జిల్లుమని ప్రాణం పోయేది. కోటి ఆడటం మానేసి గోడ మీదుగా నన్నే చూసేది. ఒక బుధవారం ఎవరికీ చెప్పకుండా, బొట్టు పెట్టుకునే, ఒక్కతే ఆసుపత్రికి నడిచి వెళ్ళి డాక్టరు ముందు నోరు తెరిచి చూపించిందట. "మీరు పీకింది నా పన్నండీ. సైదా పన్ను దాని నోట్లోనే ఉంది, నొప్పికి చచ్చిపోతంది" అని చెప్పిందట.

రొప్పుకుంటూ వచ్చింది. "డాక్టరుగారు దాన్ని తీసుకురమ్మన్నాడు మామా, నిన్ను కూడా రమ్మన్నాడు."

నాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా వచ్చాడు. డాక్టరు నా నోరు చూశాడు, పుస్తకం చూశాడు, నాయనను చూశాడు.

"రెండు నెలల ముందు తెచ్చుంటే నిలిచేదయ్యా. ఇది పాలపన్ను కాదు, పోతే ఇంక రాదు."

పన్ను తీశాక నర్సు కలం అందుకుంటే ఆయన వద్దన్నాడు. "రాయక్కర్లేదు. ముందే రాసుంది." ఎవరికీ చెప్పలేదాయన. నాయన పని పోలేదు. నాయన మీద కోపం మాత్రం నాకు చాలా ఏళ్ళు పోలేదు, అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. గోడకు ఈ పక్క పిల్లకు వైద్యం, ఆ పక్క పిల్లకు పొగ అని గీత గీసింది నాయన కాదు గదా.

ఇప్పుడా మిల్లు లేదు, అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. మిరపకాయలు కోల్డు స్టోరేజీలకు పోతున్నాయి, మధ్యాహ్నం పేట పేటంతా తుమ్మడమనేది మా మనవరాలు నమ్మదు. మొన్న ఆ పళ్ళాసుపత్రిలో నేను మళ్ళీ కిటికీ దగ్గరికి లేవబోతుంటే కౌంటర్ దగ్గర ఒకమ్మాయి చంకలో దవడ వాచిన పిల్లతో నిలబడి కార్డు చాపుతోంది. మిరపయార్డు నుంచి సరాసరి వచ్చినట్టుంది, చీరంతా ఎర్రదుమ్ము.

"ఈ కార్డుకు పళ్ళు రావమ్మా" అంది కౌంటర్లో కూర్చున్నామె.

"ఆ పిల్లకు మా మనవరాలి పేరు రాసుకోమ్మా, మా కోడలి హెల్త్ కార్డు ఉంది" అన్నాను. నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

కౌంటర్లో ఆమె నన్ను వింతగా చూసి, పక్కనున్న చిన్న యంత్రం నా వైపు తిప్పింది. "కార్డులో ఉన్నవాళ్ళ వేలిముద్ర పడాలండీ."

అప్పటికే ఆ తల్లి పిల్లను భుజాన వేసుకుని మెట్లు దిగిపోతోంది. ఆపి ఏం చేస్తానో తెలియదు, ఏం చేయగలనో అంతకన్నా తెలియదు. "అమ్మాయ్, ఆగు" అని అరుస్తూ, బయట విడిచిన చెప్పులైనా వేసుకోకుండా, వాళ్ళ వెనకే దిగాను.